మాంటిస్సోరి సంఘంలో పన్నెండేళ్లు: సభ్యత్వం, అక్రిడిటేషన్ మీద నా సమీక్ష

పిల్లలు తమ పని తామే ఎంచుకుని చేతులతో చేస్తూ నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి మాది. అలాంటి బడుల సంఘంలో మా బడి చేరి పన్నెండేళ్లయింది. మొదటి నాలుగేళ్లు ఉత్త సభ్యులం. తర్వాతి ఎనిమిదేళ్లుగా అక్రిడిటేషన్ ఉంది, మధ్యలో ఒకసారి రెన్యువల్ కూడా అయింది. రెండుసార్లూ ఫైళ్లు మోసినదాన్ని నేనే. సంఘం పేరు మాత్రం రాయను. మెచ్చుకోవడంతో పాటు సణుగుడు కూడా ఉంది మరి.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. సభ్యత్వం వేరు, అక్రిడిటేషన్ వేరు. మేం చేరినప్పుడు సభ్యత్వానికి దరఖాస్తు, ఫీజు, సంఘం సూత్రాలకు కట్టుబడి ఉంటామని ఒక సంతకం సరిపోయాయి. ఎవరూ వచ్చి చూడలేదు. అక్రిడిటేషన్ అంటే బడి తన గురించి తాను నివేదిక రాసుకోవాలి, వేరే బడుల వాళ్లు వచ్చి అందులో రాసింది నిజమో కాదో చూడాలి. ఇచ్చినా కొన్నేళ్లే చెల్లుతుంది. ప్రభుత్వ గుర్తింపు ఈ రెంటితోనూ సంబంధం లేని మూడో సంగతి. మొదట్లో గేటు మీద సంఘం లోగో చూసి "మీకు అక్రిడిటేషన్ ఉంది కదండీ?" అని తల్లిదండ్రులు అడిగితే, "సంఘంలో సభ్యులమండీ" అని మాట దాటేసిన రోజులున్నాయి. అబద్ధం కాదు. నిజం మాత్రం అవుతుందా?

అసలీ తంటా అంతా పేరుతో వచ్చింది. ఈ పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచారు. కొన్నేళ్లకే ఆ పేరుతో ఎవరికి తోచినట్టు వాళ్లు బడులు పెట్టడం మొదలైంది. 1929లో ఆవిడ, కొడుకు మారియో కలిసి అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్ స్థాపించారు. 1960లో నాన్సీ మెకార్మిక్ రామ్‌బుష్ అమెరికాలో అమెరికన్ మాంటిస్సోరి సొసైటీ పెట్టారు. పేరు మీద హక్కు ఎవరిదన్న తగవు నడిచి, అది ఒక పద్ధతి పేరే తప్ప ఏ ఒక్కరి సొత్తూ కాదని 1967లో అమెరికా ట్రేడ్‌మార్కుల అప్పీళ్ల బోర్డు తేల్చింది. వాల్డార్ఫ్ అనే మరో పద్ధతి బడుల సంగతి అలా కాదు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం రుడాల్ఫ్ స్టైనర్ ఆధ్వర్యంలో మొదలైన ఆ బడుల పేరును అమెరికాలో వాళ్ల సంఘం ట్రేడ్‌మార్క్ చేసి కాపాడుకుంటోంది. మాకు ఆ కాపలా లేదు. నాలుగు చెక్క బొమ్మలు కొని అరలో పెట్టినవాళ్లూ మాంటిస్సోరే, తొమ్మిది నెలలు కూర్చుని శిక్షణ పొందినవాళ్లూ మాంటిస్సోరే.

స్వీయ నివేదిక రాయడానికి మాకు ఏడాది దాటింది. టీచర్ల డిప్లొమాలు, గదికి ఎంతమంది పిల్లలు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు నిజంగా ఒకే గదిలో ఉన్నారా, జమాఖర్చులు, అగ్నిమాపక పత్రాలు, సిబ్బంది జీతాల విధానం. ఇందులో సగం పని ఏ బడైనా ఎలాగూ చేసుకోవాల్సిందే. ఎవరో అడిగితే తప్ప మేం చేసేవాళ్లం కాదు.

మొదటిసారి ముగ్గురు వచ్చారు, మూడు రోజులున్నారు. వాళ్లలో ఒకావిడ, నెరిసిన జుట్టు, మాట తక్కువ మనిషి, వచ్చీ రాగానే పింక్ టవర్ (పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు చెక్క ఘనాలు) దగ్గర నేల మీద కూర్చుని ఘనాలు లెక్కపెట్టారు. పది ఉండాలి. పది సెంటీమీటర్ల దాంతో మొదలై ఒక్కో సెంటీమీటరు తగ్గుతూ పోతాయి. ఆఖరిది ఒక్క సెంటీమీటరు ఘనం, వేలి కొస మీద నిలబెట్టేంత. ఈ పని చేసిన వాళ్లందరికీ తెలుసు, పోయేది ఎప్పుడూ అదే. మాదీ పోయింది. చెక్క ముక్కకి రంగేసి పెట్టాం. ఆవిడ దాన్ని గోటితో తిప్పి చూసి, "రంగు బాగానే కలిపారు, కొలతే కుదర్లేదు," అని మళ్లీ పైన పెట్టేశారు. తర్వాత వాళ్లు ఇచ్చిన నివేదికలో ఆ ఊసే లేదు.

వాళ్లు రాసింది ఇంకొకటి. మా స్వీయ నివేదికలో, పొద్దున మూడు గంటల పాటు ఆటంకం లేని పని సమయం ఉందని మేం ఘనంగా రాసుకున్నాం. ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర. ఆవిడ మూలన చిన్న కుర్చీలో కూర్చుని నిమిషాలతో సహా రాసుకున్నారు. పదీ పదికి గంట, అందరికీ ఒకేసారి అల్పాహారం, మళ్లీ సర్దుకునేసరికి పదిన్నర. మూడు గంటలు కాదు, రెండు ముక్కలు. అప్పటికి పిల్లలు అలిసిపోతున్నారు కదా అన్నాను. ఉత్తుత్తి అలసట గురించి మాంటిస్సోరి గారు రాసింది చదివారా అని అడిగారు. చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పది ప్రాంతంలో పిల్లలు చిందరవందరగా తిరుగుతారు, గోల చేస్తారు, పెద్దవాళ్లు కంగారుపడి ఆపేస్తారు, ఆపకపోతే ఆ తర్వాతే అసలైన పనిలో మునుగుతారు. తెలిసి కూడా రోజూ సరిగ్గా ఆ క్షణానికే గంట కొడుతున్నాం.

మర్నాడు కొట్టలేదు. పది అయ్యేసరికి గది సంతలా ఉంది. నేను లేవబోతే ఆవిడ నా కుర్చీ మీద చెయ్యి వేశారు. పదీ ఇరవైకి, అప్పటిదాకా అందరి చాపలూ తొక్కుతూ తిరిగిన అయిదేళ్ల పిల్లాడు లెక్కపెట్టడం నేర్చుకునే వెయ్యి పూసల గొలుసు తెచ్చి గదిలో పట్టక వరండాలోకి పరిచాడు. పదకొండు దాటేదాకా తలెత్తలేదు. ఇంకో పాప ఆకలేసి ఏడ్చింది, అదీ నిజమే. అప్పటి నుంచి మూలన ఒక బల్ల, రెండు కుర్చీలు వేశాం. ఎవరికి ఆకలైతే వాళ్లు వెళ్లి తిని, గిన్నె కడిగి పెట్టి వస్తారు. కట్టిన ఫీజులన్నిటికీ నాకు దక్కిన వస్తువు ఏదంటే ఈ బల్లే చూపిస్తాను.

ఇక సణుగుడు. మొదటి విడత నివేదిక చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. పంపిన మెయిళ్లకు "పరిశీలనలో ఉంది" అనే జవాబు తప్ప ఇంకొకటి రాలేదు. ఫీజు పిల్లల సంఖ్యను బట్టి అన్నారు గానీ, దానికి తోడు పరిశీలకుల ప్రయాణం, బస కూడా మన నెత్తినే. చిన్న బడికి అది ఒక టీచర్ రెండు నెలల జీతం. అన్నిటికన్నా విసిగించింది డిప్లొమా నిబంధన. ఏడాది మధ్యలో శిక్షణ పొందిన టీచర్ మానేస్తే, ఆ గది 'షరతులతో' అనే జాబితాలోకి వెళ్తుంది. మరొకరు దొరికేదాకా నెలనెలా వివరణ రాయాలి. వివరణ రాసే మనిషే ఆ గదిలో పాఠం చెబుతున్న మనిషి అని వాళ్లకెలా చెప్పను?

రెండో విడతలో వచ్చినవాళ్లు వేరు. పెద్ద బడుల నుంచి వచ్చారు. మూడు గదుల బడికి ముప్ఫై గదుల బడి విధాన పత్రాలు లేవేమని అడిగారు. గదుల్లో గడిపింది ఒక్క పూట, మిగతాదంతా ఆఫీసులో ఫైళ్లతోనే. సర్టిఫికెట్ ఇచ్చారు, ఫ్రేము కట్టించాం. నేర్చుకున్నది మాత్రం ఏమీ గుర్తు లేదు. అదే సంఘం, అదే నిబంధనల పుస్తకం, వచ్చిన మనుషులను బట్టి ఇంత తేడా. అందుకే అయిదుకు మూడుంపావు ఇస్తున్నాను. మొదటి విడతకు నాలుగున్నర, రెండో దానికి రెండు, ఆ లెక్కన.

బడి పెట్టి ఏడాది కూడా కానివాళ్లు అక్రిడిటేషన్ జోలికి వెళ్లొద్దంటాను. చూపించడానికి ఏదో ఒక అలవాటు కుదురుకోవాలి కదా. సభ్యత్వం తీసుకోండి, శిక్షణ తరగతులకు రాయితీ వస్తుంది, పక్క బడుల వాళ్లు పరిచయమవుతారు. లోగో గేటు మీద పెట్టుకుంటే కింద 'సభ్యులు' అని కూడా రాయించండి. తల్లిదండ్రులైతే సర్టిఫికెట్ మీద తేదీ చూడండి. దానితో పాటు ఒక పొద్దున పది గంటలకు గదిలో కూర్చోనిస్తారా అని అడగండి.

మూడో విడత గడువు వచ్చే ఏడు. దరఖాస్తుతో పాటు ఈసారి ఒక ఉత్తరం కూడా పెట్టాను, కనీసం ఒక్కరైనా చిన్న బడి నుంచి రావాలని, రెండు పొద్దులైనా గదుల్లోనే కూర్చోవాలని. 'పరిశీలనలో ఉంది' అని జవాబు వచ్చింది.