నైట్ డ్యూటీలో ప్రైమల్: సౌండ్ లేకుండా చూసేవాడి రివ్యూ

అడల్ట్ స్విమ్ అని అమెరికా కార్టూన్ నెట్‌వర్క్‌లో రాత్రిపూట పెద్దోళ్ళకి వేసే కార్టూన్లుండాయి, ఆ షోలంటే అందరూ డైలాగుల్నే పొగుడుతారు. మా ఫ్రెండ్స్ రిక్ అండ్ మోర్టీ క్లిప్పులు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునేది కూడా డైలాగుల కోసమే. నేను మాత్రం ఇన్నేళ్ళు చూసినాక చెప్తా ఉండా, ఆ మొత్తం సరుకులో నాకు నిజంగా పనికొచ్చింది ఎవరూ నోరు తెరిచి మాట్లాడని ప్రైమల్ ఒక్కటే. అరుపులుంటాయి, మూలుగులుంటాయి, మాట మాత్రం ఉండదు.

కారణం నా ఉద్యోగం. తిరుపతి బస్టాండుకి దగ్గర్లో లాడ్జి రిసెప్షన్, నైట్ డ్యూటీ. కొండ దిగినోళ్ళు, ట్రైన్ దిగినోళ్ళు ఏ టైంలో అయినా "సామీ రూముండాదా" అని వస్తారు, ఆధార్ జెరాక్స్ తీసుకోవాల, తాళం ఇయ్యాల, మళ్ళీ కూర్చోవాల. గోడకి టీవీ ఉండాది, పగలంతా ఎస్వీబీసీ ఓడతా ఉంటాది, రాత్రయితే సౌండ్ పెట్టకూడదు, ఎందుకంటే మూడు గంటలకే దర్శనానికి లేచేవాళ్ళు పక్క రూముల్లో పండుకోనుంటారు. అందుకని నా ఫోన్ టీవీకి కలిపి ఏం చూసినా మ్యూట్‌లోనే.

మ్యూట్‌లో ఈ షోలు చూస్తే తెలుస్తాది వీటి అసలు రంగు. ఆక్వా టీన్ హంగర్ ఫోర్స్ తీసుకోండి, ఒక మిల్క్‌షేక్, ఒక ఫ్రెంచ్ ఫ్రైస్ డబ్బా, ఒక మాంసం ఉండ, ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండి పొద్దస్తమానం పోట్లాడుకుంటా ఉంటారు, బొమ్మ పెద్దగా కదలదు, అంతా మాటే. సౌండ్ తీసేస్తే ఇంకేముంది చూసేదానికి. సబ్‌టైటిల్ చదివి నవ్వొచ్చేలోపల ఇంకో రెండు జోకులు దాటిపోతాయి. రిక్ అండ్ మోర్టీలో రిక్ తీసే త్రేన్పులు కూడా సబ్‌టైటిల్లోనే చదువుకోవాల. చిన్నపిల్లల కార్టూన్లకి తెలుగు ఆడియో దొరుకుతాది కానీ పెద్దోళ్ళవాటికి తెలుగు ఆప్షన్ నాకు యాడా కనపడలే, దానిమీద నాకు కోపం ఇంకా పోలేదు.

మా చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో రాత్రి తొమ్మిదైతే బొమ్మలు ఆగిపోయి టీఎన్‌టీ వాళ్ళ పాత ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి, గుర్తుందా. అమెరికాలో అదే ఛానల్ రాత్రి టైముని 2001 సెప్టెంబర్ 2 నుంచి పెద్దోళ్ళ కార్టూన్లకి ఇచ్చినారు, అదే అడల్ట్ స్విమ్. అప్పుడు మనకి డెక్స్‌టర్స్ లాబొరేటరీ, సమురాయ్ జాక్ చేసి పెట్టిన గెండీ టార్టకోవ్‌స్కీనే ఈ ప్రైమల్ కూడా చేసింది. జాక్ చివరి సీజన్ 2017లో వచ్చింది అడల్ట్ స్విమ్‌లోనే. జాక్‌లోనే ఆయన చాలాసేపు మాటల్లేకుండా నడిపేవాడు, ఇందులో పూర్తిగా తీసేసినాడు. 2019 అక్టోబర్‌లో ఐదు ఎపిసోడ్లు, 2020లో ఇంకో ఐదు, అదీ మొదటి సీజన్.

ఆ రాత్రి సంగతి చెప్పాల. పుంగనూరు వైపు నుంచి ఒక గుంపు వచ్చింది, రూము ఖాళీ అయ్యేదానికి ఇంకా టైముంది, అందరూ బ్యాగుల మీద తలలు పెట్టి కునుకేసినారు. ఒక పెద్దాయన మాత్రం గుండుకి చందనం పూసుకోని నిద్రపట్టక కుర్చీలో కూర్చోనున్నాడు. నేను అప్పుడే మొదటి ఎపిసోడ్ పెట్టినా. స్పియర్ అనే ఆదిమానవుడు, వాడి పెండ్లాం బిడ్డల్ని కొమ్ముల రాక్షసిబల్లులు తినేస్తాయి, వాడు కొండ అంచుకి పోయి నిలబడతాడు. పెద్దాయన ముందుకి వంగి "దూకుతాడా ఏంది" అన్నాడు. దూకలే. తర్వాత ఒక ఆడ రాక్షసిబల్లి వస్తాది, దానికి రెండు పిల్లలు. ఆ కొమ్ములవి దాని పిల్లల్ని కూడా మింగేస్తాయి. అంతసేపూ ఆయన నన్ను కథ అడగనే లేదు, ఇంగ్లీషు రాదు కదా అన్న ఊసే లేదు. "మీ టీవీ చెడిపోయిందా సామీ, మాటలు రాలే" అన్నాడు నడిమధ్యలో. మాటలే లేవు తాతా అంటే, "మేలు, ఉండుంటే ఈపాటికి వాడు ఒక ఏడుపు పాట పాడేవాడు" అన్నాడు. నాకు నవ్వాగలే. చివర్లో మనిషి, బల్లి ఒకరి వెనక ఒకరు నడిచిపోతా ఉంటే ఆయన, డెయిరీకి పాలు పోసే మనిషంట, దూడ చచ్చిపోయినాక ఆవు రెండ్రోజులు గడ్డి ముట్టదు, ఈ బొమ్మ గీసినాయనకి అది తెలుసు అన్నాడు. ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌లో మధ్యన ఇద్దరు కస్టమర్లు వచ్చినా నాకు తెగినట్టు అనిపించలే. మాటలుంటే వెనక్కి తిప్పి చూడాల్సొచ్చేది.

కానీ రక్తం ఎక్కువ, చాలా ఎక్కువ, తలలు పగలడం, దవడలు చీలడం అన్నీ తెర మీదే. ఇంకో రాత్రి ఒకామె చూసి "దేవుడి ఊర్లో ఈ నెత్తురేంది నాయనా" అని ఓనర్‌కి చెప్పింది. అప్పటినుంచి టీవీలో ఎస్వీబీసీ తప్ప ఇంకోటి లేదు, నేను ఫోన్‌లో చూడాల. ఫోన్‌లో ప్రైమల్ సగమే. ఆ ఆకాశం, ఆ దూరంలో చుక్కంత మనిషి, అదంతా చిన్న తెరలో పోతాది. ఇయర్‌ఫోన్స్ వచ్చినాయి కదా అని ఆక్వా టీన్ మళ్ళీ పెడితే, ఒప్పుకోవాల, చెవిలో వింటే బానే నవ్వొచ్చింది. పదకొండు నిమిషాల ఎపిసోడు రెండు చెకిన్ల మధ్యన సరిగ్గా పడతాది కూడా. కాకపోతే వరసగా చూస్తే తెల్లారేసరికి ఒక్క కథా గుర్తుండదు.

ప్రైమల్‌ని మాటల్లేనిది అని పొగిడినా కదా, అది కూడా పూర్తిగా నిజం కాదు. పదో ఎపిసోడ్‌లో మీరా అనే ఆమె వచ్చి అరబిక్‌లో మాట్లాడతాది, అది బాగుంది, స్పియర్‌కి ఎంత అర్థమవుతాదో మనకీ అంతే. 2022 సీజన్‌లో మనుషులు ఎక్కువైనారు, ఒక ఎపిసోడ్ ఏకంగా ఇంగ్లాండులో ఇంగ్లీషు డైలాగులతో నడుస్తాది, నాకు అక్కడ ఊపు తగ్గింది. పైగా నేను చూస్తా ఉన్న యాప్‌లో మధ్యలో ఒక షో మాయమైంది, మెసేజ్ లేదు ఏం లేదు, అందుకని ఏడాది ప్యాక్ కట్టడం మానేసి నెలకి కడతా ఉండా.

ఇంట్లో పడుకునే ముందు సరదాగా చూసేవాళ్ళకి ఇది సరిపోదేమో, నిద్ర చెడిపోతాది. నాది మేలుకోవాల్సిన ఉద్యోగం కాబట్టి నాకు సరిపోయింది. మీకు ఇంగ్లీషు మాట వేగం బాగా అందితే ముందు రిక్ అండ్ మోర్టీనే చూసుకోండి. లేదంటే ప్రైమల్ మొదటి సీజన్ పది ఎపిసోడ్లు చూడండి, పిల్లల్ని పండుకోబెట్టినాకే, వీలైతే పెద్ద టీవీలో. రెండో సీజన్‌కి నేను గ్యారంటీ ఇయ్యను.