సలాడ్‌లోకి ఏది మేలు: ఆవకాయ అడుగా, పల్లీ చట్నీయా, పుల్ల పెరుగా?

కీర, క్యారెట్ ముక్కలను ఉత్తి ఉప్పు, నిమ్మరసంతో తింటుంటే కొద్ది రోజులకే మొహం మొత్తుతుంది. పోనీ సలాడ్ మీద పోసుకునే డ్రెస్సింగ్ సీసా కొందామంటే రెండుసార్లు వాడాక అది ఫ్రిజ్ తలుపులోనే కాపురం పెడుతుంది. ఆ సీసాలో ఉండేదల్లా నూనె, పులుపు, ఉప్పు, కాస్త ఘాటు. ఫ్రెంచివాళ్ల వినిగ్రెట్ అనే డ్రెస్సింగ్‌కి పాత లెక్క మూడు వంతుల నూనెకి ఒక వంతు పులుపు. అవి విడిపోకుండా కొంచెం ఆవ ముద్ద కలుపుతారు. ఇవన్నీ ఒకేచోట మన ఇంట్లో ఎక్కడ దొరుకుతాయో వేరే చెప్పాలా?

ఆవకాయ సీసాలో ముక్కలైపోయాక అడుగున పిండి, అంచులకి నూనె మిగులుతాయి. మామూలుగా అయితే అందులోనే వేడన్నం వేసి కలిపేస్తాం. ఈసారి రెండు చెంచాల పిండి ఉండగానే ఒక నిమ్మకాయ రసం, మూడు చెంచాల నీళ్లు, చిటికెడు బెల్లం వేసి మూత బిగించి గట్టిగా గిలకొట్టండి. పైకి తేలుతున్న ఎర్ర నూనె కాసేపటికి నీళ్లలో కలిసిపోయి, అంతా చిక్కగా నారింజ రంగుకి తిరుగుతుంది. అది ఆవపిండి చేసే పని. ఉప్పు మళ్లీ వేయకండి, ఉన్నదే ఎక్కువ. కీర, ఉల్లి, ముల్లంగి ముక్కల మీద తినబోయే ముందే పోయాలి. ముందే కలిపిపెడితే ఉప్పుకి కీర నీరు వదిలేస్తుంది. నీళ్లు తగిలాక ఇది ఆవకాయలా నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో కానిచ్చేయాలి. మూడింట్లో ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దీనికే. బీపీ ఉన్నవాళ్లకి మాత్రం వద్దంటాను.

పొద్దున ఇడ్లీలోకి చేసిన పల్లీ చట్నీ మిగిలిందా? పల్లీల్లో దాదాపు సగం నూనే కాబట్టి వేరే నూనె అక్కర్లేదు. నిమ్మరసం, నీళ్లు పోసి జారుగా చేస్తే చాలు. మొలకెత్తిన పెసలు, ఉడికించిన శనగలు, సన్నగా తరిగిన క్యాబేజీ మీద ఇది ఆవకాయని కూడా ఓడిస్తుంది. కీర మీద మాత్రం ముద్దగా, పిండిపిండిగా ఉండి బాగోదు. కొబ్బరి కూడా వేసి రుబ్బారా, టిఫిన్ అవ్వగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలంలో బయట వదిలేస్తే మధ్యాహ్నానికే వాసన మారుతుంది.

ఇక పుల్ల పెరుగు. మామూలుగా ముక్కల్లో కలిపేస్తే అది మన పెరుగు పచ్చడే, సలాడ్ అని పేరు మార్చడం తప్ప. పలచని గుడ్డలో కట్టి గంటసేపు నీళ్లు ఓడనిస్తే కథ వేరు. జీలకర్ర పొడి, మిరియాలు వేస్తే మయోనైజ్ వాడేచోటల్లా వాడొచ్చు. పచ్చి గుడ్డు మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది కూడా, పిల్లల శాండ్‌విచ్‌లోకి ఈ పెరుగే నయం. మరీ పుల్లగా ఉంటే రెండు చెంచాల కాచి చల్లార్చిన పాలు కలపండి, పులుపు తగ్గుతుంది.