లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్: పొగ విస్కీల్లో మొదట ఏది కొనాలి?

దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దంతా కాగిన పాలు తాగినవాళ్లకు ఆ పొగచూరు వాసన గుర్తుండే ఉంటుంది. కొత్తవాళ్లు మొహం చిట్లిస్తారు. అలవాటైనవాళ్లకు ఆ వాసన లేకపోతే పాలు చప్పగా ఉంటాయి. పీట్ పొగ పట్టిన సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ, కూడా అలాంటిదే. అందుకే మొదటి సీసా ఏది అన్నది చాలా ముఖ్యం. తప్పు సీసాతో మొదలుపెట్టి, ఇక ఈ పొగ జోలికే వెళ్లనివాళ్లను చూశాను.

స్కాట్లాండ్ పడమటి తీరంలో ఐలా అనే దీవి ఉంది. అక్కడి తడి నేలల్లో నాచు, గడ్డి, హెదర్ పొదలు వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన పొరే పీట్. అది పెరిగేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మొలకెత్తిన బార్లీ ఇంకా తడిగా ఉండగానే కింద నుంచి పొగబెడతారు. పొగలోని ఫీనాల్స్ అనే ఘాటు వాసన రసాయనాలు గింజ పొట్టుకు పట్టేస్తాయి. దీవి దక్షిణ తీరాన పోర్ట్ ఎలెన్ నుంచి ఒకే దారిలో సుమారు ఐదు కిలోమీటర్లు నడిస్తే లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ డిస్టిలరీలు వరసగా వస్తాయి. మూడూ 1815, 1816లలో పుట్టినవే.

కొనేవాళ్లు ముందు అడిగేది పీపీఎం ఎంత అని, అంటే పది లక్షల భాగాల్లో ఫీనాల్స్ ఎన్ని భాగాలు అని. ఆర్డ్‌బెగ్ సుమారు 55, లఫ్రోయిగ్ 40 పైన, లగవూలిన్ 35 దగ్గర. ఈ లెక్క చూసి ఆర్డ్‌బెగే అన్నిటికన్నా మొరటుగా ఉంటుందనుకుంటే పొరపాటు. అది బార్లీలో ఉన్న ఫీనాల్స్ లెక్క, గ్లాసులో ఉన్న వాటిది కాదు. మధ్యలో చాలా పోతుంది. ఏది పోతుంది, ఏది మిగులుతుంది అన్నది బట్టీ పెట్టే రాగి పాత్ర, అంటే స్టిల్, ఆకారం మీద, కారే ధారను ఎప్పుడు పట్టుకుంటారన్న దాని మీద ఉంటుంది.

లఫ్రోయిగ్ సంగతే చూడండి. బట్టీ పెట్టినప్పుడు పండ్ల వాసనలు ముందు వస్తాయి, ఘాటైన ఫీనాల్స్ వెనకాల వస్తాయి. వీళ్లు మొదటి ధారను దాదాపు ముప్పావు గంట పక్కకు మళ్లిస్తారు. దాంతో తీపి తగ్గి, మిగిలేది టింక్చర్ అయోడిన్, కొత్త బ్యాండేజీ, ఒడ్డున ఎండిన నాచు. నేను మొదటిసారి వాసన చూసినప్పుడు ఆసుపత్రి వరండాయే గుర్తొచ్చింది. అమెరికాలో మద్యనిషేధం నడిచిన రోజుల్లో ఇది ఔషధంగా అమ్ముడైందంటే నాకు ఆశ్చర్యం లేదు. మన భాషలో రెండింటికీ మందు అన్న ఒకే మాట ఉంది కదా.

ఈ రుచిని పొరుగువాళ్లు కాపీ కొట్టాలని చూశారు. లగవూలిన్ యజమాని పీటర్ మాకీకి లఫ్రోయిగ్‌ను అమ్మే హక్కు చేజారాక, 1908లో తన ఆవరణలోనే మాల్ట్ మిల్ అనే చిన్న డిస్టిలరీ కట్టించాడు. అదే దీవి, పక్కపక్క స్థలాలే, అయినా ఆ రుచి రాలేదు. పీపీఎం ఒక్కటే చూసి కొనేవాళ్లకు నేను చెప్పేది ఈ కథే.

ఆర్డ్‌బెగ్‌లో స్టిల్‌కు ప్యూరిఫయర్ అనే చిన్న అమరిక ఉంటుంది. బరువైన ఆవిరి అక్కడే చల్లబడి వెనక్కి కారిపోతుంది, తేలికైనదే ముందుకు పోతుంది. అందుకే పదేళ్ల ఆర్డ్‌బెగ్‌లో పొగ దట్టంగా ఉన్నా దాని కింద నిమ్మతొక్క, మిరియం, మంచి తీపి విడివిడిగా తెలుస్తాయి. 46 శాతం ఆల్కహాల్, చల్లబరిచి వడకట్టరు. కాసిని నీళ్లు కలిపితే కాస్త మసకబారి వాసన ఇంకా విచ్చుకుంటుంది. 1981లో మూతపడి, తర్వాత కూడా నీరసంగానే నడిచిన ఈ డిస్టిలరీని 1997లో గ్లెన్‌మొరాంజీ కొని నిలబెట్టింది. లేకపోతే ఈ రుచి మనదాకా వచ్చేదే కాదు.

పదహారేళ్ల లగవూలిన్ నిదానానికి పెట్టింది పేరు. రెండోసారి బట్టీ పెట్టడమే తొమ్మిది గంటలకు పైగా నడుస్తుంది. పీపాలో అన్నేళ్లు ఉండేసరికి పొగ పదును తగ్గి, చల్లారిన నెగడులా, ఎండు ఖర్జూరంలా మారుతుంది. చాలా బాగుంటుంది, కానీ ధర మిగతా రెండింటికన్నా బాగా ఎక్కువ. నచ్చుతుందో లేదో తెలియకుండా అంత పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

నా మాట అడిగితే మొదటి సీసా ఆర్డ్‌బెగ్. పొగ ఏమిటో దాచకుండా చూపిస్తుంది, తీపి తోడుంటుంది కాబట్టి భయపెట్టదు. అది నచ్చాక లఫ్రోయిగ్ కొనండి. నా సొంత ఇష్టం అదే, కానీ దానికి నాలుక సిద్ధపడాలి. లగవూలిన్ పండగకో, ఈ రుచి తెలిసిన స్నేహితుడు ఇంటికొచ్చిన రోజుకో ఉంచుకోండి.

సోడా, ఐసు వద్దు. చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది. చిన్న పెగ్గు పోసుకుని, నాలుగు చుక్కల నీళ్లు కలిపి, గుక్కకూ గుక్కకూ మధ్య తీరిగ్గా కూర్చోండి. ఖాళీ గ్లాసును కడక్కుండా వదిలేసి పొద్దున ఒకసారి వాసన చూడండి. తీపి అంతా పోయి, రాత్రి ఆరిపోయిన పొయ్యి వాసన ఒక్కటే మిగిలి ఉంటుంది.