కదిలే ఓడలో చేపల తూకం: బెల్ట్ కాటా, కంటి అంచనా, కెమెరా... ఏది మేలు?

ఒడ్డున చక్కగా పనిచేసే ఎలక్ట్రానిక్ కాటా సముద్రంలో నిలకడగా చూపించదు. ఓడ అల మీద పైకి లేవడం మొదలైనప్పుడు అదే చేప బరువు పెరిగినట్టు, కిందికి జారడం మొదలైనప్పుడు తగ్గినట్టు అంకెలు ఊగుతుంటాయి.

అలాస్కా పక్కన బేరింగ్ సముద్రంలో పొలాక్ చేపలు పట్టి, ఓడలోనే ప్రాసెస్ చేసే పెద్ద నౌకల్లో అందుకే బెల్ట్ కాటా పెట్టారు. చేపలు బెల్ట్ మీద సాగిపోతుంటే కింద ఉన్న లోడ్ సెల్ అనే సెన్సర్ బరువునీ, ఇంకో సెన్సర్ బెల్ట్ వేగాన్నీ చూస్తాయి. రెండూ కలిపి మొత్తం తేలుతుంది. మరి అల సంగతి? ముందే బరువు తెలిసిన దిమ్మతో మరో లోడ్ సెల్ ఉంటుంది. అల దాని అంకెను ఎంత మార్చిందో, చేపల అంకెను అంతమేర సరిచేస్తారు.

కంటి అంచనా అనే పాత పద్ధతిలో వల సంచి కొలతలు తీసుకుని, ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణిస్తారు. ఖర్చు తక్కువే. కానీ చేపల మధ్య ఖాళీ ఎంత, నీళ్లెంత అన్నది ఊహే. యూరోపియన్ యూనియన్ 2009 నిబంధన లాగ్‌బుక్ (పట్టిన చేపల లెక్క రాసే ఓడ పుస్తకం) అంచనాలో ఒక్కో జాతికి 10 శాతం తేడాను ఒప్పుకుంది. అలాస్కా బెల్ట్ కాటాకు ఇచ్చిన వెసులుబాటు 3 శాతమే. రోజూ కనీసం 400 కిలోల సరుకును బెల్ట్ మీదా, చిన్న ప్లాట్‌ఫాం కాటా మీదా తూచి పోల్చాలి. బెల్ట్ మీద చేపల జిగురు పేరుకున్నా లెక్క చెడుతుంది కాబట్టి ఈ పరీక్షే నాకు కాటా కన్నా ముఖ్యం. పట్టడానికి అనుమతించిన కోటా నిండితే వేట ఆగాలి. ఆ గీత ఊహ మీద గీయకూడదు.

కెమెరా చేప పొడవు చూసి బరువు లెక్కిస్తుంది. బరువు సుమారుగా పొడవు ఘనంతో పెరుగుతుంది కనుక పొడవులో 5 శాతం తప్పితే బరువులో దాదాపు 16 శాతం తప్పుతుంది. ఒకదాని మీద ఒకటి పడి వచ్చే పొలాక్ కుప్పకు ఇది పనికిరాదు.

హాలిబట్ అనే పెద్ద చదును చేప విషయం వేరు. అదే సముద్రంలో ఇతర చేపల కోసం వల లాగే ట్రాలర్లు దాన్ని ఉంచుకోకూడదు, తిరిగి వదిలేయాలి. కింది ఫ్యాక్టరీ బెల్ట్ దాకా వెళ్తే అది బతకడం కష్టం. అందుకే కొన్ని ఓడల్లో డెక్ మీదే ఏరి, పొడవు కొలిచి, పట్టిక చూసి బరువు రాసుకుని వెంటనే నీళ్లలో వదులుతారు. ఇక్కడ నేను కచ్చితమైన తూకం అడగను, చేప ప్రాణమే అడుగుతాను.

బెల్ట్‌కు చోటు లేని పడవకైతే అలల ఊపును సరిచేసే ప్లాట్‌ఫాం కాటా మేలు. పెట్టె పెట్టె తూచాలి, ఆలస్యమవుతుంది, అయినా అంచనా కన్నా నయం.