ఆరేళ్లుగా గురువారం మెయిలు: ఒక శ్రోత సమీక్ష

మా స్థానిక ప్రజా ప్రసార కేంద్రం ప్రతి గురువారం సాయంత్రం వచ్చే వారం కార్యక్రమాల పట్టికను మెయిల్లో పంపుతుంది. నేను పేరు నమోదు చేసుకుని ఆరేళ్లు దాటింది. ఈలోగా నా ఫోన్లు రెండు మారాయి, పట్టిక రూపం మూడుసార్లు మారింది. దాన్ని ముందు నమ్మి తర్వాత చూసుకునేవాణ్ణి. ఇప్పుడు ముందు చూసుకుని తర్వాత నమ్ముతున్నాను.

పట్టికలో పైన రోజువారీ ప్రసారాలు ఉంటాయి. వార్తలు, చర్చలు, నాటకాలు, సంగీతం. ఇవి వేళ్ల మీద లెక్కపెట్టుకునేంత అలవాటైపోయాయి కనుక ఆ భాగం నేను సరిగ్గా చదవను. నా కళ్లు సూటిగా కిందికి పోతాయి, ‘ఆహూతుల సమక్షంలో’ అన్న శీర్షిక దగ్గరికి. స్టూడియో కచేరీలు, రచయితలతో గోష్ఠులు, ఎన్నికల ముందు అభ్యర్థుల చర్చలు, ఏడాదికోసారి కేంద్రం తలుపులు అందరికీ తెరిచే రోజు, అన్నీ అక్కడే ఉంటాయి. వ్యాపార ఛానళ్ల ప్రకటనల్లో ‘త్వరలో’ అన్న మాటే తప్ప తేదీ దొరకదు. ఇక్కడ తేదీ, నిడివి, పాడేవారి పేరుతో పాటు పక్కవాద్యాల వారి పేర్లూ వేస్తారు. పక్కవాద్యం ఎవరిదో చూసుకుని కచేరీకి బయలుదేరేవాళ్లు ఉంటారని ఆ పట్టిక రాసేవారికి తెలుసు. నేను కూడా ఆ కోవలోవాణ్ణే.

అలా బయలుదేరిన మొదటిసారే దెబ్బతిన్నాను. పట్టికలో ‘రాత్రి 7 గంటలకు’ అని ఉంది. ఏడుకు ఐదు నిమిషాల ముందు వెళ్లాను. తలుపు మూసి ఉంది, పైన ఎర్ర దీపం వెలుగుతోంది. ఆ ఏడు గంటలు ప్రసారానివి, శ్రోతలు లోపల కూర్చోవలసింది ఆరున్నరకే. నేరుగా ప్రసారమయ్యే కచేరీకి తలుపు చప్పుడు కూడా ప్రసారంలోకి వెళ్లిపోతుంది కాబట్టి వారిని తప్పుపట్టలేం. తప్పు పట్టికది. ప్రసార సమయం, ప్రవేశ సమయం వేర్వేరని ఒక్క ముక్క రాస్తే చాలు. ఆ ముక్క చేర్చడానికి రెండేళ్లు పట్టింది.

రెండోసారి గంట ముందే చేరాను. ఆ రోజుది రికార్డింగు. నిర్మాత వచ్చి, “దగ్గేవారు ఇప్పుడే దగ్గేయండి” అన్నారు. అందరం నవ్వుతూనే దగ్గాం. చప్పట్లు కూడా ఒకసారి ముందుగా కొట్టించుకుని, మైకుల్లో ఎంత పలుకుతున్నాయో చూసుకున్నారు. ఒక పాట మధ్యలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. ఆ చరణం మళ్లీ పాడించారు. ఎవరిదో ఏమిటి, నాదే. ఇంట్లో రేడియో ముందు కూర్చుని ఎన్నేళ్లు విన్నా, ఒక గదిలో వందమంది ఊపిరి బిగబట్టడం ఎలా ఉంటుందో తెలియదు. ఇంటి నుంచి నన్ను కదిలించి అక్కడ కూర్చోబెట్టింది ఈ పట్టికే, ఆ మేరకు దానికి రుణపడి ఉన్నాను.

ఇక అర్ధరాత్రి గొడవ. ‘శనివారం రాత్రి 12:30, నాటకం’ అని ఉంటే అది ఏ రాత్రి? గడియారం ప్రకారం శనివారం 12:30 అంటే శుక్రవారం రాత్రి పడుకున్న తర్వాత. పట్టిక ఉద్దేశం మాత్రం శనివారం పోయాక. సూర్యోదయంతో గాని రోజు మారని లెక్క మన పంచాంగానిది. ప్రసార కేంద్రాలదీ దాదాపు అదే, వాళ్ల రోజు తెల్లవారుజామున మొదలై మరునాటి తెల్లవారుజాముకు ముగుస్తుంది. పంచాంగం చూసి పెరిగినవాణ్ణి కాబట్టి నాకు అర్థమైంది, నా ఫోనులోని క్యాలెండరుకు అర్థం కాలేదు. రికార్డు చేయబోయి ఒక రోజు ముందే చేసి, నాటకం బదులు ముప్పావు గంట వాతావరణ సమాచారం, వాద్యసంగీతం దాచుకున్నాను.

మార్పుల సంగతి ఇంకో తలనొప్పి. మెయిలు గురువారం వెళ్లిపోతుంది, కళాకారుడి గొంతు శనివారం పాడవుతుంది. సైటులో సరిదిద్దుతారు, మెయిలును ఎలాగూ వెనక్కి తీసుకోలేరు. ప్రత్యక్ష ప్రసారం అనుకున్న సమయం దాటి సాగితే తర్వాతివన్నీ వెనక్కి జరుగుతాయి. ఈ చిక్కుకు జర్మనీలో 1985లోనే ఒక ఉపాయం పట్టారు. టీవీ సంకేతంతో పాటు కార్యక్రమం గుర్తు కూడా పంపేవారు. టీవీ కార్యక్రమాలను టేపు మీద రికార్డు చేసే వీసీఆర్, గడియారాన్ని కాక ఆ గుర్తును చూసి మొదలయ్యేది, కార్యక్రమం పావుగంట ఆలస్యమైనా రికార్డింగు తప్పేది కాదు. నలభై ఏళ్ల తర్వాత నా ఫోను ఇంకా గడియారాన్నే నమ్ముకుని గంట కొడుతోంది.

బీబీసీ పట్టికల పత్రికైతే పోట్లాట మీదే పుట్టింది. రేడియో కార్యక్రమాల వివరాలు వేయాలంటే డబ్బు కట్టాలని పత్రికల యజమానులు పట్టుబట్టడంతో, బీబీసీ 1923 సెప్టెంబరులో తన సొంత వారపత్రిక ‘రేడియో టైమ్స్’ తెచ్చుకుంది. ఏం రాబోతోందో తెలియకపోతే వినేవాడు ఉండడన్న లెక్క అప్పటికే వాళ్లకు తెలుసు.

యాప్ గురించి రెండు మాటలు. బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఆలస్యంగా. వంటింట్లో ఎఫ్ఎం సెట్టు, చేతిలో యాప్ పెట్టుకుని ఒకేసారి విన్నాను. గంట సూచించే బీప్‌లు సెట్టులో మోగిన అర నిమిషానికి గాని ఫోనులో మోగలేదు. ఇంటర్నెట్టులో శబ్దాన్ని ముక్కలు చేసి, కొన్ని ముందుగా దాచుకుని వినిపిస్తారు, అందుకే ఆ ఎడం. కచేరీ వినడానికి ఇబ్బంది లేదు. గడియారం సరిచేసుకోవడానికి మాత్రం పనికిరాదు.

ఇన్ని చెప్పాక కూడా మానలేదు. గురువారం మెయిలు రాగానే కింది భాగం చూసి రెండు మూడు గుర్తుపెట్టుకుంటాను, వెళ్లే రోజు పొద్దున సైటులో మరోసారి చూస్తాను. చివరికి నమ్మేది మాత్రం అంతకు ముందరి కార్యక్రమం అయ్యాక అనౌన్సరు చెప్పే మాటనే. “ఇప్పుడు వినబోయేది” అని ఆ గొంతు అన్నాక మార్పు జరగడం ఆరేళ్లలో ఒక్కసారే విన్నాను, అప్పుడు కూడా ఆమె క్షమాపణ చెప్పింది.

నా కుర్చీ కిర్రుమన్న కచేరీ వచ్చే ఆదివారం పునఃప్రసారమని నిన్నటి మెయిల్లో ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో ‘మార్పులకు లోబడి’ అని కూడా ఉంది. మొదటి ప్రసారంలో ఆ కిర్రు కోసం చెవులు రిక్కించాను, దొరకలేదు. శుభ్రంగా కోసేశారు.