పాత దాగలి ఏళ్ల తరబడి వాడాక: కంటికి కనిపించే లోపాలు వేరు, పనికి అడ్డొచ్చేవి వేరు

నా దగ్గరున్నది ఇంగ్లిష్ నమూనా పాత దాగలి, అంటే కమ్మరి కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ. ఒక పక్క కొమ్ము, ఇంకో పక్క మడమ, పైన ఉక్కు పలక, కింద చేత ఇనుము (పోత పోయకుండా కాచి కొట్టి చేసిన మెత్తటి ఇనుము) దిమ్మ. కొనేటప్పటికే ఒక అంచు రెండు అంగుళాల మేర ఎగిరిపోయి ఉంది, పైతలం నడుమ కాస్త గుంట పడింది, ఒళ్లంతా తుప్పు. అప్పటి నుంచి కొక్కేలు, ఉలులు, పట్టుకార్లు, తలుపు బందులు, ఏ పని వచ్చినా దాని మీదే చేస్తున్నాను కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను: పాత దాగలిలో చూడగానే భయపెట్టే లోపాల్లో చాలావరకు పనికి అడ్డు రావు. నిజంగా అడ్డొచ్చేవి కంటికి కనపడవు, వాటిని చిన్న ఉక్కు గుండుతోనూ చెవితోనూ పట్టుకోవాలి.

ముందు గుండు సంగతి. ఒక అంగుళం బేరింగ్ బాల్, ఒక స్కేలు జేబులో వేసుకుని వెళ్లండి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు. పైతలం మీద తుప్పు, మట్టి శుభ్రంగా తుడవండి, ఎందుకంటే తుప్పు పొర గుండు వేగాన్ని మింగేస్తుంది, మంచి దాగలి కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. స్కేలును నిలబెట్టి పది అంగుళాల ఎత్తు నుంచి గుండును ఊరికే వదలండి, విసరొద్దు. ఏడెనిమిది అంగుళాల దాకా పైకి లేస్తే పలక గట్టిగా ఉన్నట్టే. అంతకంటే ఎక్కువ లేస్తే ఇంకా మంచిది. సగం కూడా లేవకుండా చతికిలబడితే అది పైన ఉక్కు పలక లేని వట్టి పోత ఇనుము అయినా అయ్యుండాలి, టెంపర్ (కాచి చల్లార్చి తెచ్చిన గట్టిదనం) పోయిన ఉక్కు అయినా అయ్యుండాలి, రెండూ మనకొద్దు. ఒక్కచోట వదిలి సంతోషపడిపోవద్దు. పైతలం అంతా రెండేసి అంగుళాలకు ఒకసారి వదులుతూ పోవాలి. నడుం మీద, అంటే కింద దిమ్మ నిండుగా ఉన్నచోట, బాగా ఎగురుతుంది, మడమ వైపు, రంధ్రాల దగ్గర కొద్దిగా తగ్గుతుంది, అది మామూలే. కానీ పలక మధ్యలో ఉన్నట్టుండి ఒక చోట గుండు లేవకపోతే అక్కడ పలక కింద అతుకు విడిపోయి ఉండొచ్చు, లేదా ఎవరో వెల్డింగ్ చేసి ఆ చోటు మెత్తబరిచి ఉండొచ్చు.

గుండు తిరిగి లేవడం ఎందుకు ముఖ్యమో కొన్నాళ్లు కొడితే చేతికే తెలుస్తుంది. పైతలం గట్టిగా ఉంటే మీ దెబ్బ బలం కాలిన ఇనుములోకి వెళ్తుంది, సుత్తి తనంతట తాను కాస్త పైకి లేస్తుంది, తర్వాతి దెబ్బకు చెయ్యి సగం పనే చేస్తుంది. మెత్తటి దాగలి మీద ప్రతిసారీ సుత్తిని మీరే ఎత్తాలి. రోజంతా కొట్టాక ఆ తేడా భుజానికి తెలుస్తుంది. కొత్తవాళ్లకైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇంకా దెబ్బ సరిగ్గా పడదు, తప్పిన దెబ్బ మెత్తటి పలక మీద పడ్డ ప్రతిసారీ గుంట పడుతుంది, ఆ గుంటల గుర్తులన్నీ తర్వాత చేసే ప్రతి వస్తువు మీదా దిగుతాయి.

ఇక చెవి. చిన్న సుత్తితో పలక మీద అక్కడక్కడా మెల్లగా తట్టండి, కుండ కొనేటప్పుడు వేళ్లతో కొట్టి చూసినట్టు. గట్టిగా కొట్టొద్దు, గట్టిపడిన సుత్తి గట్టిపడిన పలకకు చల్లగా తగిలితే ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. చేత ఇనుము మీద ఉక్కు పలక అతికించిన పాత ఇంగ్లిష్ దాగలి అయితే కంగుమని తేటగా మోగాలి. మోత మధ్యలో ఒకచోట డబ్ అని చచ్చిపోతే అనుమానించండి, అదే చోట గుండు కూడా లేవకపోతే ఇక అనుమానం అక్కర్లేదు. నా దాగలికి మడమ చివర ఒక మూల అలాంటి చోటు ఉంది, కొనకముందే దొరికింది, అది చూపించే బేరం చేశాను. అక్కడ బరువు దెబ్బలు వేయను, అంతే, ఇన్నేళ్లలో అది ఇంకా విడిపోలేదు.

అయితే మోగలేదని ప్రతి దాగలినీ పక్కన పెట్టేయొద్దు, ఇక్కడే చాలామంది మంచి సరుకు వదిలేసుకుంటారు. అమెరికాలో ట్రెంటన్ ఊళ్లో ఫిషర్ కంపెనీ చేసిన దాగళ్లకు పోత ఇనుము దిమ్మ మీద ఉక్కు పలక ఉంటుంది, పక్కన గద్ద బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది, ఆ తయారీ పద్ధతికి 1847లో పేటెంట్ కూడా వచ్చింది. అవి కొడితే మోగవు, కానీ గుండు మాత్రం చక్కగా ఎగురుతుంది. నిజానికి ఇంటి పక్కన జనం ఉన్నవాళ్లకు అంతకంటే మంచిది లేదు. దానికి పూర్తిగా రెండో కొస స్వీడన్‌లో పోత ఉక్కుతో చేసినవి, కోల్స్వా లాంటివి. మొత్తం ఒకే ఉక్కు కాబట్టి పలక విడిపోతుందనే భయమే లేదు, కానీ మోత మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. అందుకే గుండుకూ చెవికీ మాట కుదరనప్పుడు గుండు మాటే వినమంటాను.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. కొందరు అమ్మేవాళ్లు పాత దాగలి పైతలాన్ని గ్రైండర్‌తోనో మిల్లింగ్ మిషన్ మీదో అద్దంలా చదును చేసి, ఒంటికి నల్ల పెయింట్ కొట్టి పెడతారు. చూడ్డానికి కొత్తగా ఉంటుంది, కొత్తవాళ్లు దానికే ఎగబడతారు. పాత దాగలి పలక మందం మహా అయితే అర అంగుళం చుట్టుపక్కల ఉంటుంది, గుంట పోయేదాకా చదును చేయాలంటే ఆ గుంట లోతంతా మిగతా పలకంతటి మీదా గీకేయాలి. పైగా పైతలం అడుగుకు సరిగ్గా సమాంతరంగా ఉండదు, అడుగును ఆధారం చేసుకుని మిషన్ మీద పెడితే ఒక చివర ఇంకా ఎక్కువ పోతుంది. అలా పలచబడిన పలక కొన్నాళ్లకు కుంగుతుంది, విడిపోతుంది. కాబట్టి పక్క నుంచి వంగి చూడండి, పలకకూ దిమ్మకూ మధ్య అతుకు గీత కనిపిస్తుంది, దాని పైన ఉక్కు ఎంత మిగిలిందో కొలవండి. గీత కనపడకుండా పెయింట్ దట్టంగా ఉంటే కాస్త గీకి చూస్తానని అడగండి, ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. నేనైతే తుప్పు పట్టి, గుంటలు పడి, ఎవరి చెయ్యీ పడని దాగలినే ఎంచుకుంటాను.

అంచులకు వెల్డింగ్ చేసినవీ అంతే. పలకలో కార్బన్ ఎక్కువ, ముందు 200 డిగ్రీల దాకా వేడెక్కించి, తగిన రాడ్‌తో చేసి, తర్వాత మెల్లగా చల్లారనిస్తే వెల్డింగ్ నిలబడుతుంది. చల్లటి దిమ్మకు నేరుగా వెల్డింగ్ పెడితే పక్కనే సన్నని పగుళ్లు వస్తాయి. ఎవరు చేశారు, ఎలా చేశారు అని తేలకపోతే అది చెడ్డపనే అనుకోవడం మంచిది. అగ్ని ప్రమాదంలో కాలిన కొట్టంలోంచి వచ్చిన దాగలి ఇంకా మోసం, రూపం చెక్కుచెదరదు, టెంపర్ మొత్తం పోతుంది. దాన్ని మళ్లీ గట్టిపరచాలంటే అంత దిమ్మను ఎర్రగా కాచి ధారలు ధారలుగా నీళ్లు పోయాలి, ఇంట్లో అయ్యే పని కాదు. మూలన ఆకురాయి పెట్టి చిన్నగా రుద్దితే తెలిసిపోతుంది: గట్టి పలక మీద ఆకురాయి జారుతుంది, మెత్తటి దాన్ని సులువుగా కోస్తుంది.

అంచుల గురించి చెప్పమని అందరూ అడుగుతారు. నా దాగలికి ఎగిరిపోయిన అంచు వల్ల ఇంతవరకు ఏ పనీ ఆగలేదు. అసలు కత్తిలాంటి అంచే చెడ్డది, కాలిన ఇనుమును దాని మీద పెట్టి కొడితే మూలలో గాటు పడుతుంది, ఆ గాటే తర్వాత విరుగుతుంది. అందుకే బాగున్న అంచులను కూడా నేనే ఆకురాయితో కాస్త గుండ్రం చేశాను, కొమ్ము దగ్గర ఎక్కువగా, మడమ వైపు పోతూ తక్కువగా. మూడు నాలుగు అంగుళాల మంచి అంచు ఎక్కడున్నా చాలు. పదునైన మూల కచ్చితంగా కావాల్సిన పని వస్తే హార్డీ హోల్‌లో, అంటే పైతలం మీద పనిముట్లు దించే చదరపు రంధ్రంలో, దిగే చిన్న ఉక్కు దిమ్మ చేసుకోవచ్చు. నడుమ గుంట కూడా అంతే, వంకర కడ్డీని గుంట మీద పెట్టి కొడితే అది కాస్త అవతలికి వంగి నిటారుగా వస్తుంది, చదును పలక మీద అంత తొందరగా రాదు. కత్తులు చేయాలనుకునేవాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు, వాళ్లకు కనీసం సుత్తి ముఖమంత వెడల్పున అయిదారంగుళాల చదును కావాలి. స్కేలు అడ్డంగా పెట్టి కింద వెలుతురు చూస్తే ఎక్కడ ఉందో దొరుకుతుంది.

కొమ్ము మీద గాట్లను పట్టించుకోకండి, అది మెత్తగానే ఉంటుంది, ఆకురాయితో సాపు చేసుకోవచ్చు. చదరపు రంధ్రం మూలల నుంచి పగుళ్లు బయలుదేరాయేమో టార్చి వేసి చూడండి, అక్కడ పగులు ఉంటే మడమ విరిగిపోతుంది.

బరువు గుర్తులు చదవడం రాక బేరంలో తికమక పడేవాళ్లు ఎక్కువ. పాత ఇంగ్లిష్ దాగళ్ల పక్కన మూడు అంకెలు చెక్కి ఉంటాయి. మొదటిదాన్ని 112తో, రెండోదాన్ని 28తో గుణించి, మూడోది అలాగే కలపాలి, వచ్చేది పౌండ్లు. నాదాని మీద 1, 1, 12 ఉంది, అంటే 152 పౌండ్లు, 69 కిలోల దాకా. హే బడెన్ లాంటి అమెరికా దాగళ్ల మీద నేరుగా పౌండ్లే ఉంటాయి. కిలో సుత్తి వాడే కొత్తవాళ్లకు 50 నుంచి 70 కిలోలు సరిపోతుంది. వందకు పైబడ్డది ఉంటే హాయే, కానీ గట్టి పలక ఉన్న 50 కిలోల దాగలి మెత్తటి వంద కిలోలదాని కంటే నయం.

కొన్నాక ఎలా కూర్చోబెడతారన్నది కూడా సగం పని. నిటారుగా నిలబడి పిడికిలి బిగిస్తే కణుపులు తగిలే ఎత్తులో పైతలం ఉండాలి. దుంగ మీద వదులుగా పెడితే ప్రతి దెబ్బకూ ఎగురుతుంది, మోత కూడా భరించలేం. నేను కింద సిలికాన్ పరిచి, నడుం చుట్టూ గొలుసు బిగించాను, మడమ కింద ఒక పెద్ద అయస్కాంతం పెట్టాను, మోత సగానికి సగం తగ్గింది. అయినా చెవుల్లో ప్లగ్గులు లేకుండా కొట్టొద్దు.

వెతికినా మంచిది దొరక్క చెడ్డ దాగలికి సర్దుకుపోదామా అని ఆలోచించేవాళ్లు రైలు పట్టా ముక్కతో మొదలుపెట్టండి. పడుకోబెడితే నడుమ సన్నటి పట్టీ దెబ్బకు ఊగుతుంది, కాబట్టి నిలబెట్టి కట్టండి, పైకొస వెడల్పు తక్కువే అయినా మీ దెబ్బ కింద మొత్తం ఉక్కు నిలువుగా ఉంటుంది, కొక్కేలు, మేకులు, చిన్న ఉలులు దాని మీద బ్రహ్మాండంగా వస్తాయి.