అడిటివ్‌ఫోమ్: పీణ్య షాపులో కొన్నేళ్లు వాడాక

మెటల్ త్రీడీ ప్రింటింగ్‌లో లోహం ఎలా కరుగుతుందో, ఎలా గడ్డకడుతుందో ముందే లెక్కగట్టి చూపే సాఫ్ట్‌వేర్ అడిటివ్‌ఫోమ్. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ వాళ్లు ద్రవాల ప్రవాహాన్ని లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఆధారంగా తయారుచేశారు. ఉచితం, కోడ్ మొత్తం తెరిచి చూసుకోవచ్చు. బెంగళూరు పీణ్యలో జాబ్ వర్క్ మీద నడిచే ఓ చిన్న ప్రింటింగ్ షాపులో దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఎక్కువగా ఇన్‌కొనెల్ 718 అనే నికెల్ మిశ్రలోహం, అప్పుడప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ 316ఎల్. మొదట్లో లైసెన్సుకు లక్షలు పోసే స్తోమత లేక తీసుకున్నాం. ఇప్పుడు ఎవరైనా ఖరీదైనది ఇస్తామన్నా దీన్ని వదులుకోను.

2024 మేలో ఇస్రో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశలో వాడే తన పీఎస్4 ఇంజిన్‌ను త్రీడీ ప్రింట్ చేయించి మహేంద్రగిరిలో 665 సెకన్ల పాటు మండించి చూసింది. 14 భాగాలు ఒక్కటయ్యాయి, 19 వెల్డింగ్ అతుకులు పోయాయి. నిజంగా గర్వపడాల్సిన విషయం. అయితే లోహపు పొడిని పొరలుగా పరిచి లేజర్‌తో కరిగించే పౌడర్ బెడ్‌లో తయారైన భాగమంటే అడుగు నుంచి పైదాకా సన్నటి వెల్డింగ్ గీతలే అని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 40 మైక్రాన్ల పొర, దాని మీద సెకనుకు దాదాపు మీటరు వేగంతో పరిగెత్తే లేజర్. కరిగిన చోటు చల్లబడే వేగం సెకనుకు లక్ష నుంచి పది లక్షల డిగ్రీలు. 718 గడ్డకట్టేది సుమారు 1336, 1260 డిగ్రీల మధ్య. ఆ 76 డిగ్రీల్లో ఏం జరిగిందన్నదే భాగం గట్టిదనాన్ని నిర్ణయిస్తుంది, అదేమో మా షాపులో ఏ కెమెరాకూ చిక్కదు.

ఈ సాఫ్ట్‌వేర్ విలువ మాకు తెలిసొచ్చింది మలుపుల దగ్గర. పలచటి గోడను ప్రింట్ చేసేటప్పుడు లేజర్ గీతలు పొట్టిగా ఉంటాయి. చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగేసరికి, ఇంకా చల్లారని చోటే మళ్లీ వేడి పడుతుంది. మెషీన్ నడిచే దారిని స్కాన్ పాత్ ఫైల్‌లో వరుసగా, ఏ బిందువు దాకా, ఎన్ని వాట్లతో, ఎంత వేగంతో అని రాసిస్తే, మలుపు దగ్గర మెల్ట్ పూల్ (కరిగిన లోహపు మడుగు) లోతుగా దిగడం, ఫలితాలను బొమ్మగా చూపే ప్యారావ్యూలో స్పష్టంగా కనిపిస్తుంది. అదే సెట్టింగుతో తీసిన కూపన్‌ను (పరీక్ష ముక్కను) వైర్ కట్ మెషీన్‌లో కోయించి, పాలిష్ పట్టి, లోపలి గీతలు తేలేలా ఆమ్లంతో ఎచ్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. చేప పొలుసుల్లాంటి వరుసలు. గోడ మధ్యలో అవి వెడల్పుగా, పైపైనే ఉన్నాయి. అంచుకు వచ్చేసరికి కోసుగా లోపలికి దిగి, అడుగున గుండ్రటి చిన్న చిన్న రంధ్రాలు. లెక్క ఎక్కడ ఎక్కువ లోతు చూపిందో సరిగ్గా అక్కడే. మలుపు దగ్గర లేజర్‌కు కాస్త విరామమిచ్చి మళ్లీ రన్ చేసి, లోతు తగ్గిందని చూశాకే మెషీన్ మీద పెట్టాం. రంధ్రాలు బాగా తగ్గాయి. మెషీన్ నడిపే అనంతపురం అబ్బాయి అంతకుముందు, "అన్నా, ఈ రంగుల బొమ్మను నమ్ముకొని పౌడర్ పోయాల్నా?" అనేవాడు. ఇప్పుడు కొత్త జాబ్ రాగానే తనే అడుగుతున్నాడు, మలుపులు రన్ చేశావా అన్నా అని.

ఇక ఇది చేయలేని పనులు. కరిగిన లోహపు పైభాగాన్ని ఇది చదునుగానే తీసుకుంటుంది. ఆవిరి ఒత్తిడికి గుంటపడటం, ఆ గుంట సన్నగా, లోతుగా దిగి ఏర్పడే కీహోల్ కూలిపోవడం, తుంపరలు ఎగరడం ఇందులో ఉండవు. వేడిని ఒక ఘనపరిమాణంలో పంచి, కరిగిన లోతును బట్టి ఆ వేడి లోతునూ పెంచుతుంది. అందుకే లేజర్ శక్తిలో ఎంత వంతు లోహంలోకి దిగుతుందన్న అంకె మీదే అంతా ఆధారపడి ఉంటుంది. చదునైన ఉపరితలం చాలా కాంతిని వెనక్కి కొడుతుంది. కీహోల్ పడ్డాక కిరణం లోపలే పలుమార్లు తగిలి ఎక్కువగా ఇంకుతుంది. ఆ అంకెను ఎవరి పేపర్‌లోంచో తెచ్చి పెట్టుకుంటే బొమ్మ అందంగా వస్తుంది, నమ్మడానికి మాత్రం పనికిరాదు. మన మెషీన్ మీద, మన పౌడర్‌తో గీతలు గీయించి, కోసి, కొలిచి సరిచేసుకోవాల్సిందే. కీహోల్ లోపలి కదలికే కావాలనుకుంటే కిరణాలను ఒక్కొక్కటిగా లెక్కగట్టే లేజర్‌బీమ్‌ఫోమ్ లాంటివి ఉన్నాయి. వాటికి కంప్యూటర్ కూడా ఆ స్థాయిలో ఉండాలి.

316ఎల్ వాడేవాళ్లు పౌడర్ సర్టిఫికెట్‌లో సల్ఫర్ ఎంతుందో తప్పక చూడండి. అది పెరిగితే తలతన్యత తీరు మారి, అంచులవైపు పారాల్సిన ద్రవం మధ్యకు తిరిగి లోతుగా దిగుతుంది.

లెక్క కోసం లోహాన్ని 10 మైక్రాన్ల గళ్లుగా (మెష్) విడగొడితే ఒక ఘన మిల్లీమీటరుకే 10 లక్షల సెల్స్ అవుతాయి. గడి సైజును సగం చేస్తే 80 లక్షలు, లెక్క ఒక్కో అడుగుకు ముందుకు జరిగే కాలం (టైమ్ స్టెప్) కూడా సగమవ్వాలి కాబట్టి పని మొత్తం 16 రెట్లు. భాగం మొత్తాన్ని ఇందులో చూద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు. మేం సమస్య వచ్చే మూల ఒక్కటే కత్తిరించి రన్ చేస్తాం, రాత్రి పెట్టి పొద్దున చూసుకుంటాం.

బటన్లు, కిటికీలు లేవు, లినక్స్‌లో టెక్స్ట్ ఫైళ్లే. కొత్తవాళ్లకు మొదట్లో టెన్షనే. ఏ ఓపెన్‌ఫోమ్ వెర్షన్ కోసం రాశారో అదే వేసుకోవాలి. ఇక్కడి ఫలితాలను ఎక్సాసీఏ అనే మరో సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి గ్రెయిన్స్ (లోహంలోని స్ఫటిక రేణువులు) పెరుగుదల కూడా చూడొచ్చు. పొరలు దాటి పైకి సాగే పొడుగాటి గ్రెయిన్స్ అందులో బాగానే వస్తున్నాయి.

మొదలుపెట్టేవాళ్లు దీంతోపాటే వచ్చే ఏఎంబీ2018-02-బి కేస్ రన్ చేయండి. ఇన్‌కొనెల్ 625 పలక మీద ఒకే గీత, 195 వాట్లు, సెకనుకు 800 మిల్లీమీటర్లు. ఆ ప్రయోగాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ స్వయంగా చేసి కొలతలు అందరికీ అందుబాటులో పెట్టింది కాబట్టి మీ లెక్కను పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. ఆ తర్వాతే మీ లోహానికి వెళ్లండి. కూపన్ కోయించి చూసే వీలు లేనివాళ్లకు మాత్రం దీన్ని సిఫార్సు చేయను.